కుట్టుమిషన్ పిట్ట

మార్చి పద్నాలుగు. ఆ తేదీ ఆయనకు ఎందుకు గుర్తుండిపోయిందంటే, ఆ పొద్దున ఆయనా, భార్యా కలిసి ఒక్క ఉడకబెట్టిన కోడిగుడ్డు తిన్నారు. తెచ్చుకున్నవి రెండు. ఒకదాన్ని ఆవిడ పెంకు తీస్తూ తీస్తూ గట్టు మీంచి జారవిడిచింది. అది దొర్లుకుంటూ వెళ్ళి జమ్ములో పడింది. "పోనీండి, పిట్టలింటికొచ్చి ఉత్త చేతులతో ఏం కూర్చుంటాం" అని నవ్వి, మిగిలినదాన్ని దారంతో నిలువునా కోసి, పచ్చసొన ఎక్కువున్న సగం ఆయన చేతిలో పెట్టింది. ఉప్పు తేవడం మరిచిపోయారు. చప్పగానే తిన్నారు.

నోట్లోది ఇంకా మింగకముందే ఆవిడ ఆయన మోచేతి మీద వేలు పెట్టింది. "మొదలెట్టింది" అంది.

"అవునవును" అన్నాడాయన, చెవి జమ్ము వైపు తిప్పి. పుస్తకం తీసి తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో వేసి, ఎదురుగా 'వచ్చింది' అని రాశాడు.

ఆ ఏడు వానలు వెలిసేలోపే ఆవిడ కన్నుమూసింది.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో ప్లాన్లు గీసి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరూ పిట్టల మాస్టారంటారు. జన్మలో ఒకరికి పాఠం చెప్పింది లేదు, ఒకరి చెవి మెలిపెట్టింది లేదు. మెడలో బైనాక్యులర్సు, చంకలో పుస్తకం ఉన్నవాడు మాస్టారు కాక ఏమవుతాడని ఎవరో మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది. ఇంటి వెనక సన్నటి రోడ్డు, రోడ్డు దాటితే ఆఫీసువారి పాత ఫిల్టర్ బెడ్లు. ఒకప్పుడు ఊరు తాగే నీళ్ళు ఇసకలో దిగి శుభ్రపడిన తొట్లవి. కొత్త ప్లాంటు వచ్చాక వాటిని వదిలేశారు. ఇప్పుడు రెండు మిగిలాయి, ఒకటి గేటువైపు, ఒకటి గోడవైపు. రెండింటా మోకాలి లోతు నీళ్ళు, మనిషెత్తు జమ్ము.

ఏటా చలి విరగ్గానే భార్యాభర్తలిద్దరూ ఆ గట్ల మీద తిరిగి, ఏ పిట్ట వచ్చింది, ఏది గూడు కడుతోంది, ఏది ముఖం చాటేసింది అని రాసేవాళ్ళు. ఆయనది గద్ద చూపు. ఆవిడకు సోడాబుడ్డి అద్దాలు, కానీ పాము చెవులు. ఒకరు విని, ఒకరు చూసి, ఇద్దరూ ఒప్పుకుంటేనే పిట్ట పుస్తకంలోకి ఎక్కేది. 'వచ్చింది' అని రాయడానికి ఒక్క కూత చాలు. 'రాలేదు' అని రాయాలంటే మాత్రం పొద్దునా సాయంత్రం, గాలి ఉన్ననాడు, లేనినాడు, రెండు తొట్ల దగ్గరా నిలబడి వినాలి. "ఉన్నదాన్ని లేదంటే దానికి దిక్కెవరండీ" అనేది ఆవిడ. ఆ పద్ధతి ఆవిడ పెట్టిందే.

అన్నిట్లోకీ ఆవిడకు ఇష్టమైనది ఒక మట్టిరంగు పిట్ట. పిచ్చుకకన్నా చిన్నది. ఎదురుగా కూర్చున్నా ఎండుటాకేమో అనుకుని వదిలేస్తాం. దాని ఉనికంతా గొంతులోనే. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు వాలేటప్పుడు జమ్ము మొదట్లో కూర్చుని, రెండిళ్ళవతల ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు, సన్నగా, ఎక్కడా తెగకుండా కూస్తుంది. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది. ఆ ఇంట్లో మాత్రం అది కుట్టుమిషన్ పిట్ట. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి ఈ జమ్ములోనే గూడు కట్టుకుంటుంది. జమ్ము లేకపోతే దానికి ఇల్లు లేదు.

ఈ వసంతంలో ఆయన పుస్తకంతో ఆఫీసుకు పని పడింది. తొట్లు పూడ్చి పైపులు పెట్టుకునే షెడ్డు కట్టాలనుకున్నారు. అయితే ఆ పిట్ట గూడు కట్టే చోటైతే పిల్లలు ఎగిరేదాకా జమ్ము కోయకూడదని నిబంధన ఒకటుంది. ఇంజనీరమ్మ తనే ఇంటికొచ్చి, వరండాలో స్టూలు మీద కూర్చుని, "మీకన్నా తెలిసినవాళ్ళు లేరు మాస్టారూ. ఉంటే ఉందని, లేకపోతే లేదని రాసివ్వండి. మీ మాటే ఫైల్లో పెడతాను" అంది.

ఆయన పద్ధతి తప్పలేదు. పొద్దున విన్నాడు, సాయంత్రం విన్నాడు. మఫ్లరు చుట్టుకుంటే చెవులు మూసుకుంటాయని చలిలో ఉత్త తలతో నిలబడ్డాడు. గువ్వ కూసింది, వినబడింది. వడ్రంగిపిట్ట కొయ్య స్తంభాన్ని కొట్టింది, వినబడింది. దాసరిపిట్టలు తోకలాడిస్తూ గట్టంతా నడిచాయి, చూశాడు, రాశాడు. కాకుల సంగతి సరేసరి. కుట్టుమిషన్ మాత్రం మోగలేదు.

చెవుల మీద అనుమానం ఎందుకు వస్తుంది? పాలవాడి సైకిలు బెల్లు వినబడుతోంది, పక్కింటి పోట్లాట గోడలోంచి మాటతో సహా వినబడుతోంది. పైగా ఆయనకు ఆ నిశ్శబ్దం వింతగా తోచలేదు. ఇల్లు ఖాళీ అయింది. జమ్మూ ఖాళీ అయింది. పిలిచే మనిషి లేనిచోటికి అదైనా ఎందుకు వస్తుంది అనుకున్నాడు. అలా అనుకోవడంలో ఆయనకు ఒక చేదు ఓదార్పు కూడా దొరికింది. 'రాలేదు' అని రాసి, కింద సంతకం పెట్టి, కాయితం ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. సోమవారం నుంచి కోత అన్నారు.

అంతకు ముందు గురువారం మరదలు దిగింది. అక్క బీరువా సర్దడానికి వచ్చింది. ఆ బీరువా తలుపు తీయడం ఆయన వల్ల కాలేదు. తాళంచెవి దానికే వేలాడుతూ ఉంది. మరదలికి యాభై దాటి జుట్టు సగం నెరిసినా, ఆ ఇంట్లో ఆమె పేరు చంటే.

"ఏంటి బావా ఈ అవతారం? గెడ్డం గీసుకుని ఎన్నాళ్ళైంది? పిట్టలు గూడు కడతాయని వదిలేశావా?" అంటూనే లోపలికి వచ్చింది.

"కడితే మంచిదేగా. రాసుకోవడానికి గట్టు దాకా నడిచే పని తప్పుతుంది."

"అబ్బో, జోకులు వేస్తున్నాడు. అయితే బతికే ఉన్నావు."

రెండు రోజులూ ఆమె బీరువా ముందే కూర్చుంది. బట్టలు మడత విప్పేది, చూసేది, మళ్ళీ మడిచి ఏదో ఒక గుట్టలో పెట్టేది. ఆయన్ని ఏదీ అడగలేదు. ఇది ఉంచనా, అది ఇచ్చెయ్యనా అని ఒక్కసారి అడిగినా ఆయన లేచి గట్టు మీదికి వెళ్ళిపోయేవాడు. మధ్యమధ్య ఆమె మొగుడు ఫోన్ చేసి పంచదార డబ్బా ఎక్కడుందని అడిగేవాడు. "నీ కళ్ళ ముందే ఉంటుంది. కళ్ళు తెరిస్తే కనబడుతుంది" అని పెట్టేసి, "అందరి మొగుళ్ళూ ఇంతేనా బావా, లేక మా అక్క ఒక్కదానికే అదృష్టమా?" అనేది.

శుక్రవారం సాయంత్రం పొద్దు వాలుతోంది. చంటి దుమ్ము దులుపుకోవడానికి వెనక గుమ్మంలోకి వెళ్ళింది. ఆయన లోపల టీ వడపోస్తున్నాడు.

"బావా, ఈ వీధిలో దర్జీ ఎవరైనా ఉన్నారా?"

"లేరే. ఎందుకు?"

"అక్క జాకెట్లు రెండు నాకు సరిపోయేట్టున్నాయి, కుట్లు విప్పిద్దామని. ఎవరో ఒకటే తొక్కుతున్నారు మిషను. అరగంటగా వింటున్నా. ఆ కాళ్ళు నొప్పెట్టవూ?"

ఆయన చేతిలో గిన్నె వంగి టీ వంటగట్టు మీద పారింది. దాన్ని తుడవకుండానే గుమ్మంలోకి వచ్చాడు.

"ఇప్పుడు తొక్కుతున్నారా?"

"ఇదిగో, ఇప్పుడే."

ఆయన విన్నాడు. దూరంగా లారీ గేరు మారింది. ఎవరింట్లోనో కుక్కర్ ఈల వేసింది. అంతే. ఇంకేమీ లేదు.

"రా" అన్నాడు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా రోడ్డు దాటాడు. ఆమె ఏమైంది ఏమైందంటూ వెనకే వచ్చింది. గేటు దగ్గర నిలబెట్టి, "అది వినబడినంత సేపూ చెయ్యి ఎత్తి ఉంచు. ఆగితే దించు" అన్నాడు.

"చిన్నపిల్లలాటలా ఇది?"

"చంటీ, ఎత్తు."

ఆ గొంతు విని ఆమె చెయ్యి ఎత్తింది. ఆయన జమ్ము వైపు చూడలేదు, ఆమె చేతినే చూశాడు. చెయ్యి చాలాసేపు పైనే ఉంది. దిగింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేచింది. ఆ చెయ్యి లేచినప్పుడు ఉన్న నిశ్శబ్దానికీ, దిగినప్పుడు ఉన్న నిశ్శబ్దానికీ ఆయనకు వెంట్రుకవాసి తేడా తెలియలేదు.

"ఎటునుంచి?"

"అదిగో, ఆ గోడవైపు నుంచి. చెవి కోసేస్తోంది కదా, నీకెలా వినబడదు?" అనేసి నాలిక్కరుచుకుంది.

గట్టు మీద ఒక రాయి ఉంది. ఆయన దాని మీద కూర్చున్నాడు. ముందు తట్టింది సోమవారం సంగతి. తర్వాత మోచేతి మీద వేలు తట్టింది. ఆవిడ వేలు పెట్టేది, 'మొదలెట్టింది' అనేది, తను 'అవునవును' అనేవాడు. తను విన్నది పిట్టనా, ఆ వేలినా? పోయినేడు విన్నాడా? అంతకు ముందు? గుర్తు తెచ్చుకోబోతే కూత రాలేదు, వేలే వచ్చింది. ఆవిడకు తెలిసే ఉంటుంది. పాము చెవుల మనిషికి పక్కనున్న మొగుడికి వినబడడం లేదని తెలియకుండా ఉంటుందా? తెలిసి ఒక్కనాడూ అనలేదు. ఒకరు విని, ఒకరు చూసి అన్న పద్ధతి ఎవరి కోసం పెట్టిందో అప్పుడు ఆయనకు అర్థమైంది.

"బావా, మంచు పడుతోంది, లే" అంది చంటి. ఆయన లేచాడు.

శనివారం ఆఫీసు తెరవకముందే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంజనీరమ్మ బ్యాగు బల్ల మీద పెడుతూనే పలకరించింది.

"రండి మాస్టారూ. మీ రిపోర్టు పుణ్యమా అని ఫైలు కదిలింది."

"దాన్ని ఆపాలమ్మా. అది తప్పు. పిట్ట వచ్చింది."

"మళ్ళీ విన్నారా?"

"వినలేదు. ఈ వయసులో నా చెవులకు అంత సన్నటి కూత అందదని నిన్న సాయంత్రమే తెలిసింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాస్టారూ, వినలేదు కాబట్టి లేదని ఒక రిపోర్టు ఇచ్చారు. ఇప్పుడేమో వినలేదంటూనే ఉందంటున్నారు. పైవాళ్ళకి నేనేమని చెప్పను?"

"రాసినాయన చెవిటివాడని చెప్పండి."

ఆమె తెల్లకాయితం, పెన్ను ఆయన ముందుకు జరిపింది. ఆయన రాశాడు: పిట్ట వచ్చింది. విన్నది మా మరదలు. నేను ఇచ్చిన 'రాలేదు' చెల్లదు. నాకు ఆ కూత వినబడదు. సంతకం పెడుతుంటే చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది. ముప్పై ఏళ్ళు ప్లాన్లు గీసిన చెయ్యి. దానికి సిగ్గు తెలియదు.

ఇంజనీరమ్మ కాయితం చదువుతూనే ఫోన్ అందుకుంది. రెండు మాటలు మాట్లాడింది. ముఖం మారింది.

"సోమవారమనే కదా అనుకున్నాం" అంది ఫోన్‌లోకి. "కోత మిషన్ ఖాళీగా ఉంటే? నన్నొక మాట అడగక్కర్లేదా? ఆపండి. ఎక్కడిదక్కడ ఆపండి. నేను వస్తున్నా." ఆయన వైపు తిరిగింది. "ఇవాళ పొద్దున్నే తొట్లోకి దింపేశారట మాస్టారూ."

ఆమె జీపు తెప్పించేలోపు ఆయన నడక మొదలుపెట్టాడు. నడక కాస్తా పరుగైంది. ఆ వయసు మనిషి పరుగెత్తితే ఎలా ఉంటుందో అలా పరుగెత్తాడు, ఒక చేత్తో బైనాక్యులర్సు గుండెకు అదిమిపట్టుకుని.

గేటు బార్లా తీసి ఉంది. గేటువైపు తొట్టిలో జమ్ము నిలబడే ఉంది. దాన్ని చూసి ఒక్క క్షణం ఆయన ప్రాణం లేచొచ్చింది. పసుపు మిషన్ దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. దూరం నుంచి మొదలుపెట్టి వెనక్కి రావడం వాళ్ళ పద్ధతి. గోడవైపు తొట్టిలో గోడ అడుగుదాకా కనబడుతోంది. జమ్మంతా ఒక పక్కకు కుప్పగా పడి ఉంది, తడిగా, ఇంకా పచ్చగా. బురద వాసన గుప్పుమంటోంది. తెల్లకొంగలు అప్పుడే పసిగట్టి దిగాయి. బయటపడ్డ పురుగుల్ని తాపీగా, దేని జాగాలో అది నిలబడి ఏరుకుంటున్నాయి.

మిషన్ ఆగి ఉంది. మేస్త్రి దాని నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం మాస్టారూ, ఎవరైనా తరుముతున్నారా? ఇలా కూర్చోండి ముందు." తన కింద ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి, సీసాలో నీళ్ళు ఇచ్చాడు. ఆయన తాగేదాకా ఆగి, "ఆపమన్నారు, ఆపాం. మొదలెట్టమన్నారు, మొదలెట్టాం. మధ్యలో ఏమైందో మాకెవరు చెప్తారు?" అన్నాడు.

"ఇందులో పిట్ట ఉంది."

"ఉంటే ఎగిరిపోయే ఉంటుందిలెండి. ఇంత చప్పుడు చేశాం. రెక్కలున్నదానికి ఒకరు దారి చూపాలా?"

"దానికి రెక్కలున్నాయి. గూటికి లేవుగా."

మేస్త్రి బీడీ నేలకేసి నలిపాడు. ప్యాంటు పైకి మడిచి, ఎవరూ చెప్పకుండానే ఆ కుప్ప దగ్గరికి వెళ్ళి దుబ్బులు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. ఏదీ పట్టుకుని రాలేదు. వచ్చి, "ఏం కనబడలేదు మాస్టారూ" అన్నాడు. కనబడకపోవడం మంచికో చెడుకో ఇద్దరికీ తెలియదు. అయినా ఆ మనిషి మోకాళ్ళ దాకా బురద చేసుకుని వెతికాడు. ఆయన అది మనసులో పెట్టుకున్నాడు.

ఇంజనీరమ్మ వచ్చింది. గేటువైపు తొట్టి పిల్లలు ఎగిరే కాలందాకా ముట్టుకోవద్దని మేస్త్రికి ఆయన ఎదుటే చెప్పింది. "నావల్ల అయింది ఇది మాస్టారూ" అంది. ఆమె తప్పేమీ లేదు. తప్పు ఎవరిదో కింద సంతకంతో సహా ఆమె ఫైల్లోనే ఉంది.

ఆయన ఇంటికి వచ్చేసరికి చంటి బీరువా పని ముగించింది. మూడు అట్టపెట్టెలు తాడుతో కట్టి గోడకు చేర్చి ఉన్నాయి. బీరువా కింది అరలో మాత్రం అక్క ఊలు శాలువా ఒకటి, ఆవిడ మడిచిన మడతతోనే, అలాగే ఉంది. ఆమె దాని ఊసెత్తలేదు.

"ఆపారా బావా?"

"సగం ఆపారు."

"సగమంటే?"

"సగమే" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఏ సగమో చెప్పడానికి నోరు రాలేదు. కాళ్ళ మీంచి నల్లటి బురద కారి తూములోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"రేపెళ్ళి చూసొద్దామా?" అని భోజనం దగ్గర అడిగింది.

"రేపు నీకు బస్సుంది. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దువుగానిలే."

"నువ్వు ఏదో దాస్తున్నావు."

"దాచడానికి ఏముంది? చారెడు నీళ్ళు, బారెడు బురద."

"సరే, దాచుకో. మా అక్క కూడా ఇంతే, గుండెల్లో గునపం దిగినా పైకి చెప్పేది కాదు. ఇద్దరూ ఇద్దరే."

పొద్దు వాలే వేళకు ఆయన వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాడు. ఎగిరిపోయిన పిట్ట, ఎగిరిపోయి ఉంటే, పక్క తొట్టిలోకి చేరి ఉండొచ్చు. గూడు పోయినా రుతువు పూర్తిగా పోలేదు, మళ్ళీ కట్టుకోవచ్చు. అలా కట్టుకున్న పిట్టల్ని ఆయన చూశాడు. కానీ అది ఉందో లేదో తెలుసుకునే దారి ఇప్పుడు ఆయన దగ్గర లేదు. ఆఫీసు ప్రహరీగోడ అడ్డు. ఇక్కణ్ణుంచి జమ్ము కనబడదు. చీకటి పడుతోంది.

చంటి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆయన రోడ్డవతలికి చూస్తూనే అడిగాడు.

"వినిపిస్తోందా?"

ఆమె తల వంచి విన్నది. చాలాసేపు విన్నది. ఒక చెవి తిప్పి, ఇంకో చెవి తిప్పి విన్నది. గుమ్మంలోని దీపం వెలుతురులో ఆయన ఆమె ముఖం చూస్తున్నాడు. ఆమె ఆరిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది.

"ఆఁ" అంది. "వినిపిస్తోంది."

"నిజంగా?"

"నిజంగానే బావా. నిన్నటిలాగే. బుద్ధిగా కుట్టుకుంటోంది."

"ఎటునుంచి?"

"అదే, నిన్నటి చోటునుంచే. గోడవైపు నుంచి."

గోడవైపు ఇప్పుడు బురద తప్ప ఏమీ లేదని ఆమెకు తెలియదు.

ఆయన తల ఊపాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసి, నమ్మాడో లేదో తేల్చుకోలేక, "రాసుకోవూ? పుస్తకం తెచ్చిపెట్టనా?" అంది.

"వద్దులే. నువ్వు విన్నావుగా, చాలు. చలిగా ఉంది, లోపలికి పద."

ఆమె వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు వినబడింది. అది మాత్రం ఆయనకు బాగా వినబడింది. రోడ్డవతల చీకటి మెల్లగా నిండుతోంది. ఆయన ఇంకా కాసేపు, ఏమీ లేనిచోటికి చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా గడియ పెట్టాడు.